పడవలో పుట్టినవాళ్ళు, ఇంటి రిజిస్టరు: థాయ్‌లాండ్ మోకెన్ల పౌరసత్వ ఫైళ్ళ మీద ఒక కేస్ స్టడీ

థాయ్‌లాండ్‌లో మనిషి లెక్క ఇంటితో మొదలవుతుంది. ప్రతి ఇంటికీ ఒక నంబరు, ఆ నంబరు మీద ఒక రిజిస్టరు పుస్తకం. దాన్ని తబియన్ బాన్ అంటారు. పౌరులదీ శాశ్వత నివాసం ఉన్నవాళ్ళదీ నీలం అట్ట పుస్తకం, ఆఫీసు భాషలో తో రో 14. తాత్కాలికంగా ఉంటున్న విదేశీయులది పసుపు అట్ట, తో రో 13. బడి, ఆసుపత్రి, బ్యాంకు, పడవ రిజిస్ట్రేషన్ అన్నీ ఆ పుస్తకంలోని 13 అంకెల నంబరు మీదే నడుస్తాయి.

అండమాన్ సముద్రంలో తరాలుగా తిరిగిన మోకెన్లకి ఇల్లంటే కబాంగ్ అనే పడవ. ఒక పెద్ద మానును తొలిచి అడుగు భాగం చేసి, దాని మీద పక్కలు లేపి, మొగలి జాతి ఆకులతో చాపా కప్పూ అల్లుకునేవాళ్ళు. ముందు కొసకీ వెనక కొసకీ గాడి ఉంటుంది. ముందుది నోరు, వెనకది మలద్వారం అని చెబుతారు, పడవ కూడా ఒక శరీరమే అన్నట్టు. కాన్పు అందులోనే, కాపురం అందులోనే. గాలి మారితే ఇంకో దీవి. ఆ దీవి మీద ఏ జెండా ఎగురుతోందో చూసుకోవాల్సిన అవసరం చాలాకాలం వాళ్ళకి రాలేదు.

ఇలాంటివాళ్ళని ఇంటి రిజిస్టరులోకి ఎక్కించే పని ఎలా నడుస్తుందో, ఎందుకు ఆగుతుందో వివరంగా చెప్పడానికే ఈ కేస్ స్టడీ. మన దగ్గర సంచార జాతులకి కుల ధ్రువపత్రాలు ఇప్పించే పనిలో ఉన్నవాళ్ళకి ఇందులో చాలా చిక్కులు తెలిసినవిగానే అనిపిస్తాయి. "మీ స్వస్థలం ఏది?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర తహసీల్దారు ఆఫీసులో ఫైలు ఎలా ఆగుతుందో వాళ్ళకి బాగా తెలుసు.

ఎవరి సంగతి ఇది

థాయ్ భాషలో చావ్ లే అంటే సముద్రపు జనం. ఆ పేరు కింద మూడు జాతులున్నాయి: మోకెన్, మోక్లెన్, ఉరాక్ లావోయ్. రనోంగ్, ఫాంగ్ఙా, ఫుకెట్, క్రాబి, సతూన్ రాష్ట్రాల తీరంలో అందరూ కలిపి సుమారు 12,000 మంది. ఉరాక్ లావోయ్‌లూ, తీరం మీద స్థిరపడిన మోక్లెన్లూ చాలావరకు దశాబ్దాల కిందటే పౌరులయ్యారు. వాళ్ళలో చాలా కుటుంబాలకి హాన్ తలే లాంటి ఇంటిపేర్లు రాజకుటుంబం పెట్టినవే. పౌరసత్వం చిక్కు ఎక్కువగా మిగిలింది మోకెన్లకి. థాయ్ వైపు వాళ్ళు సుమారు వెయ్యి మంది, ముఖ్యంగా ఫాంగ్ఙాలోని సురిన్ దీవుల్లో, రనోంగ్‌లోని కో లావ్, కో ఫయామ్, కో చాంగ్ దీవుల్లో ఉంటారు. అంతకన్నా ఎక్కువ మంది మ్యాన్మార్ వైపు మెర్గుయ్ దీవుల్లో ఉన్నారు.

మ్యాన్మార్‌లో వీళ్ళని సలోన్ అంటారు. ఆ దేశం గుర్తించిన 135 జాతుల పట్టికలో ఆ పేరు ఉంది కూడా. థాయ్ జిల్లా ఆఫీసులో ఫైలు తిరగేసే అధికారి "మీరు అటువైపు పౌరులే కదా" అనడానికి ఇదొక ఆధారమైపోతుంది. పట్టికలో జాతి పేరు ఉండటం వేరు, ఒక మనిషి చేతిలో ఆ దేశపు కాగితం ఉండటం వేరు. ఈ ముక్క ఫైలు మొదటి పేజీలోనే రాసిపెట్టాలి.

సురిన్ దీవులు ఖురా బురి రేవు నుంచి సుమారు 60 కిలోమీటర్లు, మ్యాన్మార్ జలాల సరిహద్దుకి సుమారు 18 కిలోమీటర్లు. 1981లో వాటిని జాతీయ పార్కు చేశారు. దాంతో చెట్టు కొట్టడం నేరమైంది, కొత్త కబాంగ్ కట్టడం దాదాపు ఆగింది, తిరుగుడు తగ్గింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, నీళ్ళు వెనక్కి పోవడం చూసి పెద్దవాళ్ళు లబూన్ కథ గుర్తుచేసుకుని జనాన్ని గుట్ట ఎక్కించారు. మనుషుల్ని మింగే అల పేరు లబూన్. ప్రపంచమంతా వాళ్ళ గురించి రాసింది. పునరావాసం పంచడానికి వచ్చినవాళ్ళకి మాత్రం చాలామంది చేతుల్లో ఏ గుర్తింపు కాగితమూ కనిపించలేదు.

సున్నా కార్డు చదవడం

2005 జనవరి 18న థాయ్ మంత్రివర్గం రిజిస్టరులో లేని మనుషుల స్థితిని తేల్చే విధానం ఒకటి ఆమోదించింది. దాని కింద జరిగిన సర్వేలో ఎంతోమంది మోకెన్లకి సున్నాతో మొదలయ్యే నంబరు వచ్చింది. జనం దాన్ని "సున్నా కార్డు" అనే పిలుస్తారు. ఆ 13 అంకెల్ని చదవడం రాకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

మొదటి అంకె స్థితి. 1 అంటే పుట్టగానే సకాలంలో నమోదైన పౌరుడు, 2 అంటే ఆలస్యంగా నమోదైన పౌరుడు. 3 పాత రిజిస్టరు నుంచి వచ్చినవాళ్ళది. 5 అంటే రిజిస్టరులో పేరు తప్పిపోయి తర్వాత చేర్చినవాళ్ళు. 6 తాత్కాలికంగానో చట్టవిరుద్ధంగానో వచ్చినట్టు రాసినవాళ్ళు, 7 వాళ్ళకి థాయ్‌లాండ్‌లో పుట్టిన పిల్లలు. 8 శాశ్వత నివాసం లేదా ఆ తర్వాత పౌరసత్వం పొందినవాళ్ళు. 0 అంటే రిజిస్టరులో స్థితి లేనివాళ్ళు. తర్వాతి నాలుగు అంకెలు నమోదు చేసిన ఆఫీసు కోడు. అందులో మొదటి రెండూ రాష్ట్రం: 82 ఫాంగ్ఙా, 85 రనోంగ్. ఆరవ, ఏడవ అంకెలు కలిపి 89 అయితే 2005 విధానం కింద సర్వేలో నమోదైన మనిషి అని అర్థం.

సున్నా కార్డు పౌరసత్వం కాదు. అయినా విలువైనదే: ఫలానా రోజు నుంచి ఈ మనిషి ఇక్కడే ఉన్నాడని ప్రభుత్వమే రాసిచ్చిన మొదటి సాక్ష్యం అది. కీడు కూడా అందులోనే ఉంది. సర్వే రోజున తొందరలో "పుట్టిన చోటు: మ్యాన్మార్" అనో "తండ్రి: తెలియదు" అనో ఒక గుమస్తా రాసేస్తే, తర్వాత ఇరవై ఏళ్ళు ప్రతి అధికారీ ఆ మాటనే ఎత్తి చూపిస్తాడు. అందుకే కార్డు ముందువైపు చూసి సరిపెట్టుకోకుండా, సర్వే ఫారం నకలు జిల్లా ఆఫీసు నుంచి అడిగి తీసుకోవాలి. జిల్లా ఆఫీసుని అంఫో అంటారు. ఫైలు బలహీనమో బలమో ఆ ఫారం చూస్తే సగం తెలిసిపోతుంది.

ముందు వేయాల్సిన ప్రశ్నలు, వాటి వరస

చట్టం ముక్కలుగా పెరిగింది కాబట్టి పుట్టిన తేదీని బట్టి దారి మారిపోతుంది. 1965 జాతీయత చట్టం థాయ్ నేల మీద పుట్టినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చింది. 1972 డిసెంబరు 13న విప్లవ మండలి, అంటే అప్పటి సైనిక పాలకులు, ఇచ్చిన ప్రకటన 337, తల్లో తండ్రో తాత్కాలికంగా లేదా అనుమతి లేకుండా వచ్చిన విదేశీయులైతే ఆ హక్కును తీసేసింది. అప్పటికే పుట్టినవాళ్ళ దగ్గర నుంచి కూడా లాగేసుకుంది. 1992 ఫిబ్రవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ ప్రకటనను రద్దు చేసింది గానీ, అలాంటి తల్లిదండ్రుల పిల్లలకి పుట్టుకతో పౌరసత్వం రాదన్న నియమాన్ని చట్టంలోనే పెట్టింది. 2008 ఫిబ్రవరి 28న వచ్చిన నాలుగో సవరణలోని 23వ సెక్షన్ పాత నష్టాన్ని సరిదిద్దింది: 337 వల్ల పౌరసత్వం పోయినవాళ్ళకీ, రానివాళ్ళకీ, 2008కి ముందు థాయ్‌లాండ్‌లో పుట్టిన వాళ్ళ పిల్లలకీ తిరిగి ఇచ్చింది.

అంచేత మొదటి ప్రశ్న ఎప్పుడూ రక్తం గురించే: తల్లిగానీ తండ్రిగానీ థాయ్ పౌరులా? అయితే జాతీయత చట్టం 7వ సెక్షన్ ప్రకారం పుట్టుకతోనే పౌరులు, ఎవరి దయా అక్కర్లేదు. తండ్రి వైపు నుంచి వస్తే పాత రోజుల్లో రిజిస్టరైన పెళ్ళి అడిగేవాళ్ళు. మోకెన్ల పెళ్ళిళ్ళు ఆచారం ప్రకారం జరుగుతాయి, రిజిస్టరు కావు. 2008 సవరణ తర్వాత పెళ్ళి కాగితం లేకపోయినా తండ్రి అని రుజువైతే చాలు.

రెండో ప్రశ్న అమ్మమ్మ, తాతల గురించి. దీన్ని దాదాపు అందరూ దాటేస్తారు. 337 వర్తించాలంటే తల్లిదండ్రులు విదేశీయులై ఉండాలి. వాళ్ళ ముందు తరాలు కూడా థాయ్ వైపు దీవుల్లోనే పుట్టి ఉంటే వాళ్ళని విదేశీయులు అనడానికి ఆధారం ఏది? అలాంటి కుటుంబం నిజానికి రిజిస్టరులో పేరు తప్పిపోయిన థాయ్ కుటుంబం. వాళ్ళు పేరు చేర్చమని అడగాలి, పౌరసత్వం ఇప్పించమని కాదు. రుజువు కష్టమే, అయినా అడగకుండా వదలకూడదు.

మూడోది, 1992 ఫిబ్రవరి 26కి ముందు పుట్టారా? అయితే 23వ సెక్షన్. జిల్లా రిజిస్ట్రారే నిర్ణయిస్తారు, ఫైలు బ్యాంకాక్ వెళ్ళక్కర్లేదు. తర్వాత పుట్టినవాళ్ళయి, 23 కిందికి వచ్చే తల్లిదండ్రులు కూడా లేకపోతే, హోంశాఖ మంత్రి అనుమతి కావాల్సిన దారి మిగులుతుంది. అది 7వ సెక్షన్‌కి అనుబంధంగా వచ్చినది. సరిహద్దు అవతల పుట్టినవాళ్ళకి ముందు శాశ్వత నివాసం, ఆ తర్వాత పౌరసత్వ దరఖాస్తు.

ఒక కుటుంబం, ఐదు ఫైళ్ళు

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. అమ్మమ్మకి సుమారు డెబ్బై ఏళ్ళు, మెర్గుయ్ దీవుల్లో పుట్టి చిన్నప్పుడే ఇటు వచ్చింది. ఆమె కూతురు సుమారు 1976లో సురిన్‌లో పుట్టింది. కూతురికి ఇద్దరు పిల్లలు: 1990లో కొడుకు, 1994లో అమ్మాయి. ఆ కొడుక్కి 2015లో ఒక బాబు. ఐదుగురికీ సున్నా కార్డులే. పై చూపుకి ఐదూ ఒకేలాంటి కేసులు. ఒకే కవరులో పెట్టి "మోకెన్ కుటుంబం, పౌరసత్వం కోరుతున్నారు" అని రాస్తే ఐదూ కలిసి మూలపడతాయి.

మొదట కదలాల్సింది కూతురి ఫైలు. 1976లో థాయ్ నేల మీద పుట్టింది, 337 వల్ల పౌరసత్వం రాలేదు, కాబట్టి 23వ సెక్షన్. ఆమెది తేలితే 1994లో పుట్టిన అమ్మాయిది కూడా తేలుతుంది, ఎందుకంటే 2008కి ముందు పుట్టిన సంతానం కింద వస్తుంది. కొడుకు 1990 కాబట్టి సొంతంగానే అర్హుడు. 2015లో పుట్టిన బాబు దగ్గర చాలామంది పొరబడతారు. వాడు 2008 తర్వాత పుట్టాడు కదా, మంత్రి అనుమతికి పెట్టాలి అనుకుంటారు. అక్కర్లేదు. 23వ సెక్షన్ ప్రకారం వచ్చే పౌరసత్వం దరఖాస్తు రోజు నుంచి కాక, చట్టం అమల్లోకి వచ్చిన 2008 ఫిబ్రవరి 28 నుంచి లెక్క. అంటే బాబు పుట్టేనాటికే తండ్రి చట్టం దృష్టిలో పౌరుడు. కాబట్టి బాబు రక్తసంబంధంతో పుట్టుకతోనే థాయ్. తండ్రిది తేలాక బాబు రికార్డు సరిచేయించాలి. తల్లిదండ్రుల పెళ్ళి రిజిస్టరు కాలేదు కాబట్టి పితృత్వ రుజువు జతచేయాలి.

అమ్మమ్మది వేరే దారి, నెమ్మదైన దారి. కానీ వాంగ్మూలం తీసుకోవాల్సింది అందరికన్నా ముందు ఆమె దగ్గరే. కూతురు ఎక్కడ పుట్టిందో, మంత్రసాని ఎవరో, పక్క పడవలో ఎవరున్నారో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. దరఖాస్తు వంతు వచ్చేదాకా ఆగితే ఆ సాక్ష్యం ఆమెతోనే పోతుంది. ఇలా పోయిన సాక్ష్యాలు ఈ తీరంలో లెక్కలేనన్ని, వాటికి మళ్ళీ పుట్టుక లేదు.

పుట్టిన చోటు ఎలా రుజువవుతుంది

ఆసుపత్రిలో పుట్టినవాళ్ళకి తో రో 1/1 అనే కాన్పు ధ్రువపత్రం ఉంటుంది. పడవలోనో ఇసుక మీది గుడిసెలోనో పుట్టినవాళ్ళకి ఏమీ ఉండదు. వాళ్ళు అంఫోలో విచారణ కోరి తో రో 20/1 అనే జనన ధృవీకరణ తీసుకోవాలి. మొత్తం ఫైలుకి ఇదే వెన్నెముక.

సాక్షులు కనీసం ఇద్దరు ముగ్గురు కావాలి. ఒకరు కాన్పు చేసినవాళ్ళో ఆ పూట అక్కడ ఉన్నవాళ్ళో అయితే మంచిది. ఇంకొకరు రక్తబంధువు కాని మనిషి: చేపలు కొన్న వ్యాపారి, పాత పార్కు ఉద్యోగి, బడి పంతులు. గ్రామ పెద్ద, అంటే ఫూ యై బాన్ మాట బరువైనది, కానీ ఆయన కొత్తగా వచ్చినవాడైతే ఆయన చెప్పగలిగింది నివాసం గురించి మాత్రమే, పుట్టుక గురించి కాదు. ఈ తేడా ఫైల్లో స్పష్టంగా ఉండాలి. ఒకే వాక్యాన్ని ముగ్గురు సాక్షుల చేత చెప్పించి సంతకాలు పెట్టిస్తే అధికారికి మొదటి చూపులోనే అనుమానం వస్తుంది. మాటల్లో చిన్న తేడాలుంటే ఉండనివ్వండి. నిజమైన జ్ఞాపకం అలాగే ఉంటుంది.

చోటు పేర్ల దగ్గర జాగ్రత్త. మోకెన్లకి ప్రతి ఖాతానికీ తమ పేరుంది, థాయ్ మ్యాపులో ఇంకో పేరుంటుంది. సాక్షి ఒక పేరు చెప్పి, దుబాసీ ఇంకోటి చెప్పి, గుమస్తా మూడోది రాస్తే, ముగ్గురు సాక్షులూ మూడు చోట్ల పుట్టుక చెప్పినట్టు కనిపిస్తుంది. విచారణకి ముందే రెండు వరసల పేర్లతో ఒక చేతి మ్యాపు గీసి, సాక్షి చేత వేలితో చూపించి, దాన్ని వాంగ్మూలానికి జతచేయాలి. కాన్పు నీళ్ళ మీద జరిగినా దిగులు పడక్కర్లేదు. థాయ్‌లాండ్ 1966 నుంచి తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాలు ప్రకటించింది, అది కూడా రాజ్యంలో భాగమే. పడవ ఏ దీవి పక్కన లంగరు వేసి ఉందో చెబితే చాలు.

తేదీ ఇంకో పెద్ద చిక్కు. వీళ్ళు కాలాన్ని గాలులతో చెబుతారు: పడమటి గాలి మొదట్లో, తూర్పు గాలి చివర్లో అని. వాటిని సంవత్సరాలకి కట్టాలంటే అందరికీ తెలిసిన గుర్తులు కావాలి. పార్కు వచ్చిన 1981 ఒకటి. ఇంకోటి 1989 నవంబరు గే తుపాను. థాయ్‌లాండ్‌లో చుంఫోన్ దగ్గర నేలని తాకి, ఇటు అండమాన్ సముద్రంలోకి దిగి, బంగాళాఖాతం దాటి చివరికి నెల్లూరు జిల్లా కావలి దగ్గర తీరం దాటిన తుపాను అదే. కావలి వైపు పెద్దవాళ్ళు తమ ఇంటి పెళ్ళిళ్ళూ పుట్టుకలూ ఆ తుపానుకి ముందు, తర్వాత అని చెప్పుకున్నట్టే, రనోంగ్ తీరంలోనూ దాన్ని గుర్తు చేసి అడిగితే ఏడాది తేలుతుంది. "తుపాను వెళ్ళిన మరుసటి ఎండల్లో పుట్టాడు" అన్న మాటకి 1990 అని రాయవచ్చు, ఎలా లెక్క కట్టారో కూడా పక్కనే రాయాలి.

ఇదంతా ఎందుకంటే, తేదీ తెలియనివాళ్ళకి గుమస్తాలు సుమారు ఏడాది వేసి జనవరి 1 రాసేస్తారు. 1992 ఫిబ్రవరి 26 గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళకి ఆ ఊహ జీవితాన్ని మార్చేస్తుంది. 1991 ఆఖర్లో పుట్టిన మనిషికి 1993 అని పడితే జిల్లాలో తేలాల్సిన ఫైలు మంత్రి దగ్గరికి పోతుంది. కాగితాల మీద బౌద్ధ శకం ఉంటుంది, 543 తీసేయాలి: 2535 అంటే 1992. తీసివేతలో తప్పు పోయిన దరఖాస్తులు కూడా వెనక్కి వస్తాయి.

డీఎన్ఏ పరీక్ష ఏం చేయగలదో ఏం చేయలేదో ముందే తెలియాలి. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతో తల్లీబిడ్డల, తండ్రీబిడ్డల సంబంధం తేలుతుంది. తల్లి చనిపోతే ఆమె తోబుట్టువుల ద్వారా తల్లి వైపు వరస చూడవచ్చు. న్యాయశాఖ కింది ఫోరెన్సిక్ సంస్థ ఈ పరీక్షలు చేస్తుంది. కానీ ఎక్కడ పుట్టారో డీఎన్ఏ చెప్పదు. రక్తం దారిలో వెళ్ళే ఫైలుకి అది ప్రాణం, 23వ సెక్షన్ ఫైలుకి అది ఒక తోడు కాగితం మాత్రమే.

ఎక్కడ చెడుతుంది

ఎక్కువ ఫైళ్ళు చట్టం దగ్గర కన్నా పేర్ల దగ్గర ఆగుతాయి. మోకెన్లకి ఒక్క పేరే, ఇంటిపేరు ఉండదు. సురిన్ వాళ్ళకి క్లా తలే అన్న ఇంటిపేరు వచ్చింది, "సముద్రంలో ధైర్యవంతులు" అని అర్థం. దీవి అంతా ఒకే ఇంటిపేరయ్యేసరికి, ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురు మనుషులు ఒకరి రికార్డులోకి ఒకరు దూరిపోతారు. బడిలో ఒక వర్ణక్రమం, ఆసుపత్రిలో ఇంకోటి, సర్వేలో మూడోది. దరఖాస్తు పెట్టకముందే అన్ని కాగితాల్లోని పేర్లూ ఒక పట్టికలో రాసి, ఇవన్నీ ఒకే మనిషివని అంఫో చేత ధృవీకరణ రాయించుకోవాలి. తర్వాత చేద్దామంటే ప్రతి తేడాకీ ఒక విచారణ.

ఇంటి నంబరు ఇంకో అడ్డంకి. పార్కు భూమిలో ఇంటికి నంబరు ఇస్తే భూమి మీద హక్కు ఇచ్చినట్టవుతుందని అధికారులు జంకుతారు. అనుమతి లేని కట్టడాలకీ, ప్రభుత్వ భూమిలోని ఇళ్ళకీ తాత్కాలిక ఇంటి రిజిస్టరు ఇవ్వడానికి జనాభా నమోదు నిబంధనల్లోనే వీలుంది. అందులో పేరున్న మనిషికి మామూలు రిజిస్టరులో ఉన్న హక్కులే ఉంటాయి, భూమికి మాత్రం ఏ హక్కూ రాదు. ఈ నిబంధన పేరు పెట్టి అడిగితే సగం జంకు తగ్గుతుంది.

కాలం కూడా పగబట్టినట్టే ఉంటుంది. పార్కు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూతపడుతుంది, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, అధికారులు దీవికి రారు. సముద్రం తేరుకున్నాక మగవాళ్ళు వేటలోనో, పర్యాటకుల పడవల మీద కూలిలోనో ఉంటారు. సర్వే రోజున లేనివాళ్ళు లెక్కలోనే లేనట్టు. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో, మళ్ళీ ఏప్రిల్‌లో దొరికే కొద్ది రోజుల్లోనే విచారణ పెట్టించాలి. సాక్షుల్ని ఒడ్డుకి తెచ్చేటప్పుడు పడవ ఖర్చు, రెండు రోజుల కూలి, బస లెక్కలో పెట్టుకోకపోతే రెండో వాయిదాకి ఎవరూ రారు.

ఇక అధికారి భయం. దీన్ని చులకన చేయకూడదు. 2002లో చియాంగ్ మై రాష్ట్రంలోని మే ఆయ్ జిల్లాలో 1,243 మంది పేర్లను పౌరుల రిజిస్టరు నుంచి ఒక్క దెబ్బన తీసేశారు. సుప్రీం పాలనా న్యాయస్థానం 2005లో అది చెల్లదని చెప్పి తిరిగి చేర్పించింది. అలాంటి గొడవల తర్వాత తప్పుడు పేరు ఎక్కిస్తే తమ మీద కేసు పడుతుందన్న భయం ప్రతి రిజిస్ట్రారుకీ ఉంది. అందుకే సంతకం పెట్టకుండా "ఇంకో కాగితం తెండి" అంటారు, ఈలోగా బదిలీ అవుతుంది, కొత్తాయన మొదటి నుంచి మొదలుపెడతారు. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ తేదీ, ముద్ర ఉన్న రసీదు, ఇచ్చిన కాగితాల జాబితా మీద సంతకం తీసుకోవడమే దీనికి మందు. నోటిమాటగా తిరస్కరిస్తే రాతపూర్వక ఆదేశం అడగాలి, అప్పీలు దానిమీదే.

దళారుల గురించి ఒక మాట. చనిపోయినవాళ్ళ నంబరు మీద, లేదా వేరే కుటుంబంలో బిడ్డగా చూపించి కార్డు ఇప్పిస్తామనేవాళ్ళు దొరుకుతారు. దొరికిపోతే ఆ మనిషి కార్డుతో పాటు సాక్షి సంతకం పెట్టిన ఊరి పెద్దలందరి ఫైళ్ళూ అనుమానంలో పడతాయి.

వేగం దారి, దానిలో గుంట

2024 అక్టోబరు 29న థాయ్ మంత్రివర్గం, దేశంలో ఏళ్ళ తరబడి ఉంటూ పాత సర్వేల్లో నమోదైన సుమారు 4,83,000 మందికి స్థితి ఇచ్చే పనిని వేగం చేసింది. 2025 జూన్ 30 నుంచి అమలు. అర్హతలు తానే ధృవీకరించుకుని దరఖాస్తు ఇస్తే, నెలలు పట్టే పరిశీలన అయిదు రోజులకి తగ్గుతుంది. బయటి నుంచి వచ్చినవాళ్ళకి శాశ్వత నివాసం, ఇక్కడే పుట్టిన వాళ్ళ పిల్లలకి పౌరసత్వం. పై కుటుంబంలో అమ్మమ్మకి ఇది నిజంగా పెద్ద మేలు.

కూతురిని మాత్రం ఈ వరసలో నిలబెట్టకూడదు. సర్వే ఫారంలో పుట్టిన చోటు తప్పుగా ఉంటే కంప్యూటరు ఆమెను వలస వచ్చిన మనిషిగానే చూపిస్తుంది. వేగంగా అయిపోతుంది కదా అని సంతకం పెడితే, తాను విదేశీయురాలినని ఆమే రాసిచ్చినట్టు. చేతికి 8తో మొదలయ్యే నంబరు వస్తుంది. అప్పుడు 1994 అమ్మాయికి 23వ సెక్షన్ ఆధారం చెదిరిపోతుంది. అయిదు రోజుల దారి ముందు నిలబడ్డ ప్రతి మోకెన్‌నీ ముందు ఒక పక్కకి పిలిచి, ఎక్కడ పుట్టారో అడిగి, ఫారం సరిచేయించాకే పంపాలని గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

కార్డు వచ్చాక మిగిలేవి

కార్డుతో చాలా మారుతుంది. పడవ సొంత పేరు మీద రిజిస్టరు చేయించుకోవచ్చు, అనుమతి కాగితం లేకుండా రాష్ట్రం దాటవచ్చు, 30 బాత్ వైద్య పథకంలోకి వస్తారు. సున్నా కార్డు వాళ్ళకీ బడి ప్రవేశం 2005 నాటి మంత్రివర్గ నిర్ణయం వల్ల ఉంది, స్థితి తేలనివాళ్ళకి 2010లో వేరే ఆరోగ్య నిధి పెట్టారు, కానీ ఆ నిధిలో ఎవరున్నారో ఎవరు లేరో ఆసుపత్రి కౌంటరులో తేలాల్సిందే.

భూమి మాత్రం కార్డుతో రాదు. 1909లో బ్రిటన్‌తో సరిహద్దు ఒప్పందం జరిగే కాలంలో, సతూన్ తీరంలోని లిపె దీవి సయామ్‌దే, అంటే నేటి థాయ్‌లాండ్‌దే, అని చూపడానికి ఉరాక్ లావోయ్‌ల నివాసమే పనికొచ్చింది. ఇప్పుడు అదే లిపెలో పౌరసత్వం ఉన్న ఆ కుటుంబాలే తమ బడికీ తీరానికీ పోయే దారి కోసం దస్తావేజులున్నవాళ్ళతో పోరాడుతున్నాయి. ఫుకెట్‌లోని రావైలో తాము తరాలుగా ఉన్నామని చూపించడానికి పాత సమాధుల్లోని ఎముకలూ, 1959లో రాజు వచ్చినప్పటి చిత్రాలూ కోర్టుకి తేవాల్సి వచ్చింది. 2010 జూన్ 2 నాటి మంత్రివర్గ తీర్మానం ఇళ్ళు, వేట, వైద్యం, జాతీయత, చదువు అన్నింటినీ ప్రస్తావించింది, కానీ తీర్మానం చట్టం కాదు, పార్కు చట్టం చట్టమే. 2019 ఫిబ్రవరిలో సురిన్ దీవుల్లో, బోన్ యై ఖాతంలోని మోకెన్ గ్రామంలో నిప్పంటుకుని 61 ఇళ్ళు కాలిపోయాయి. ఇలాంటి రోజు కోసమైనా ఒక మెలకువ పాటించాలి: ప్రతి కుటుంబపు కాగితాల నకళ్ళు దీవి బయట ఇంకో చోట ఉండాలి. కాలిన సర్వే రసీదు మళ్ళీ పుట్టదు.

అన్నిటికన్నా చవకైన పని, ఇప్పుడు పుట్టే బిడ్డల నమోదు. 2008 నుంచి థాయ్ నేల మీద పుట్టిన ప్రతి బిడ్డకీ, తల్లిదండ్రుల స్థితితో పని లేకుండా, జనన నమోదు హక్కు ఉంది. గడువు 15 రోజులు. గడువు దాటినా నమోదు చేస్తారు, కొద్దిపాటి జరిమానా ఉంటుంది. ఇంట్లో కాన్పు అయితే ముందు ఫూ యై బాన్ దగ్గర సమాచారం రాయించి, ఆ చీటీతో అంఫోకి వెళ్ళాలి. కౌంటరు దగ్గర ఇచ్చిన జనన పత్రం పై మూల చూడాలి. తో రో 1 సకాలంలో నమోదైన థాయ్ బిడ్డది, తో రో 2 ఆలస్యంగా నమోదైన థాయ్ బిడ్డది, తో రో 3 తాత్కాలిక అనుమతి ఉన్న విదేశీయుల బిడ్డది, తో రో 031 ఏ స్థితీ లేనివాళ్ళ బిడ్డది. తల్లికో తండ్రికో పౌరసత్వం ఉండి కూడా చేతికి 031 వస్తే ఆ కాగితంతో పడవ ఎక్కకూడదు. అక్కడే, ఆ కౌంటరు దగ్గరే, తల్లిదండ్రుల నంబర్లు చూపించి సరిచేయించుకునే బయల్దేరాలి.